జిగురు డాక్టరు

మా పక్కింటివాళ్ళు కొత్త తలుపులకు పాలిష్ పెట్టిస్తున్నారు. ఇద్దరు వడ్రంగులు పొద్దున్నే వచ్చి, లక్కను స్పిరిట్‌లో కరగబోసి, గుడ్డపీలికలతో రుద్దడం మొదలుపెట్టారు. ఆ వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నేను లేచి వెళ్ళి వాళ్ళ మీద గట్టిగా కేకలేశాను. "మీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా? నా కిటికీ కిందే కలపాలా?" అని. పాపం, బిత్తరపోయి డబ్బా తీసుకుని అవతలి పక్కకి పోయారు. ముసలావిడకి చాదస్తం అనుకుని ఉంటారు. అనుకోనీ. వార్డుల్లో అరిచి అరిచి రిటైరైన నర్సుని నేను, నా నోరు చిన్నదేమీ కాదు.

వాళ్ళ తప్పు మాత్రం ఏమీ లేదు. లక్క, స్పిరిట్ కలిసిన ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒకాయన గుర్తుకొస్తారు. ఆయన గుర్తుకు రాగానే అభిమానం కంటే ముందు సిగ్గు వచ్చి కూర్చుంటుంది. ఎవరి సిగ్గు అంటే చెప్పలేను. ఆయనదో, నాదో, ఆ ఊరందరిదో.

నయాపైసలు వచ్చిన కొత్తలో, నెల్లూరు మిషనాసుపత్రిలో ట్రైనింగు ముగిసిన వెంటనే, నన్ను సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరి ఆస్పత్రికి వేశారు. ఆస్పత్రంటే ఒక పెంకుటిల్లు, ముందో వసారా, వెనకో వసారా, లోపల కాసిని మంచాలు. ఇవతల వరిచేలు, అవతల బకింగ్‌హాం కాలవ. కాలవ దాటితే ఇసక దిబ్బల వెనక చేపలు పట్టేవాళ్ళ పాలెం. ట్రంకుపెట్టె మోయించుకుని నేను వెళ్ళేసరికి ముందు వసారాలో ఎవరూ లేరు. వెనక్కి వెళ్తే, పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టిన ఒక మనిషి కుండల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కుండల్లో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో వంకాయలు. వంటవాడనుకుని, "డాక్టరు గారు ఎక్కడ?" అని అడిగాను.

ఆయన తల ఎత్తకుండానే ఒక వంకాయ తీసి నా ముక్కు దగ్గర పెట్టారు.

"అమ్మాయ్, నీ ముక్కు మంచిదేనా? నాది నశ్యానికి చెడిపోయింది. చూడు, ఇది కుళ్ళిందా లేదా?"

"కుళ్ళలేదండీ."

"మరి ఇది?"

రెండోది ముక్కు దగ్గరికి రాగానే చటుక్కున కొంగు అడ్డం పెట్టుకున్నాను. నా మొహం చూసి ఆయన ఎంత సంబరపడ్డారో!

"అది ఉత్త లక్క. ఇందాకటిది లక్కా సాంబ్రాణీ. చూసినావా తేడా? సరే, పెట్టె లోపల పెట్టుకో పో. సాయంత్రం ఇంకో రెండు వాసన చూద్దువు."

నేను ఉద్యోగంలో చేరడం అంతే. పేరు అడగడం కూడా ఆయనకు మర్నాటికి గానీ గుర్తు రాలేదు. అడిగినా పిలిచింది లేదు. నేను చివరిదాకా ఆయనకు అమ్మాయ్‌నే.

ఆయనది కొడవలూరు వైపు. వరి పండించే కుటుంబం. అన్నదమ్ములు పొలాలు చూసుకుంటే ఈయన మద్రాసులో చదివి వచ్చారట. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంతకంటే ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు, అడగాలనీ అనిపించలేదు. ఆయన గురించి తెలుసుకోవాలంటే ఆ వంకాయలు చాలు. గాటు పెట్టి, జిగురుతో అతికించి, సముద్రపు నీళ్ళలో వేసి, ఏది విడిపోతుందో, ఏది ముందు కుళ్ళుతుందో చూసేవారు. ఆయన ఇంట్లో వంటమనిషి వంకాయలు కొంటే బియ్యం డబ్బాలో దాచుకునేది.

ఆ పిచ్చికి కారణం ఉంది. పాలెం వాళ్ళ కాళ్ళూ చేతులూ ఎప్పుడూ ఏదో ఒకచోట తెగే ఉండేవి. వల తాడు కోస్తుంది, ఆల్చిప్ప కోస్తుంది, చేప ముల్లు దిగుతుంది. కుట్లు వేసి, "వారం ఆగి రా, విప్పుతా" అంటే బుద్ధిగా తల ఊపి పోయేవాళ్ళు. మళ్ళీ కనిపిస్తే ఒట్టు. చేపలు పడుతుంటే దారం విప్పించుకోవడానికి ఎవడు వస్తాడు? ఆ దారం ఉప్పునీళ్ళలో నాని, కండలోనే కుళ్ళి, చీము పట్టి, ఎప్పటికో జ్వరంతో మోసుకొచ్చేవాళ్ళు.

దానికి తోడు పాలెంలో ఒక కట్టుబాటు. ఒంటిమీద నెత్తుటి తడి ఉన్నవాణ్ణి పడవ ఎక్కనివ్వరు. సముద్రానికి మనిషి నెత్తురు చూపించకూడదట. కట్టు కట్టుకున్నవాణ్ణీ ఎక్కనివ్వరు, కట్టు కింద ఏముందో ఎవరికి తెలుసు? పడవ ఎక్కనివాడికి చేపల్లో వాటా లేదు. అందుకని దెబ్బ తగిలినవాడు ముందు చేసే పని దాన్ని దాచడం. సున్నమో, పొగాకో, ఏది దొరికితే అది అద్ది ఆరబెట్టుకునేవాడు.

"వీళ్ళకి సూదీ దారం పనికిరాదమ్మాయ్," అనేవారు ఆయన. "కుట్టకుండా మూసేది కావాల. ఉప్పునీళ్ళకు ఊడకూడదు, లోపల చీము పట్టనీకూడదు, పనైపోయినాక దానంతట అదే రాలిపోవాల."

తుమ్మ జిగురు నీళ్ళు తగలగానే జారిపోయింది. తలుపుల పాలిష్‌కి వాడే లక్క తెచ్చి చూశారు. అది పట్టుకుంది, కానీ వేలు మడిస్తే పెళుక్కున పగిలేది. ఒకరోజు పగిలిన మడమలకు ఆముదం రాసుకుంటూ ఉన్నట్టుండి లేచి, ఆ చేత్తోనే సీసాలో ఒక చుక్క వేసి కలిపారు. జిగురు వంగడం నేర్చుకుంది. సాంబ్రాణి చీము పట్టనివ్వకుండా ఉండటానికి. "బాలింత గదిలో పొగెందుకు వేస్తారనుకున్నావు, వాసనకనా?" అని నన్ను దబాయించేవారు, నేనేదో కాదన్నట్టు. చివర్లో పుండ్ల మీద రాసే పచ్చమందు కొంచెం కలిపేసరికి మొత్తం పసుపు రంగుకి తిరిగింది. మనుషుల మీద వేసే ముందు తన పిక్క మీద బ్లేడుతో గీసుకుని పూసుకున్నారు. నేను వద్దంటే, "నీ పిక్క ఇస్తావా?" అన్నారు.

ఆయన జిగురు వేసే పద్ధతి చూడవలసిందే. గాయం కడిగి, సన్నటి గుడ్డపీలిక జిగురులో ముంచి, రెండు అంచుల్నీ వేళ్ళతో దగ్గరికి తెచ్చి పట్టుకునేవారు. "కుట్టడమంటే బలవంతం. ఇదట్టా కాదు, నచ్చజెప్పి కలపాల," అనేవారు. ఆరేదాకా కదలకూడదు కదా, అందుకని రోగిని అడిగేవారు: "పొద్దున ఏం తిన్నావు?"

"సద్దన్నం సామీ."

"సద్దన్నంలోకి?"

"ఎండుచేప."

"ఏం చేప? ఎట్టా వండింది మీ ఆడది? చింతపండు ఏసిందా, మామిడికాయా? ఉప్పు సరిపోయిందా?"

వాడు చెప్పడం మొదలుపెడితే పులుసు ఉడికి, దించి, కంచంలో వడ్డించేసరికి జిగురు ఆరిపోయేది. ఆయన గడియారం చూడటం నేను ఎన్నడూ ఎరగను. మధ్యలో ఆయనకే నోరూరి గుటకలు మింగేవారు. చేపల పులుసంటే ప్రాణం ఆయనకి. తిండి గురించి చెప్పలేనివాడు వస్తే మాత్రం చిక్కే. "ఏందిరా, ఒక్క మాటతో సరిపెట్టినావు, ఇంకా ఆరలేదు" అని కసిరేవారు.

పాలెం పెద్ద మొదట ఒప్పుకోలేదు. జిగురు వేసిన కాలిని తన కండువా కొసతో ఒత్తి, కొస వెలుతురులో పట్టి చూశాడు. తడి లేదు. పీలిక కింద గాయం కనిపిస్తూనే ఉంది, దాపరికం లేదు. "ఎక్కొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన పాలేనికి దేవుడైపోయారు. జిగురు డాక్టరని పిలిచేవాళ్ళు. ఆయన కాలవ దాటి ఇసకలో నడిచి వెళ్తుంటే ఆడవాళ్ళు బిడ్డల్ని ఎత్తి చూపించేవాళ్ళు. ఆయన పైకి విసుక్కునేవారు గానీ, లోపల ఎంత మురిసిపోయేవారో వెనక సంచీ పట్టుకుని నడిచే నాకు తెలుసు. వీపు చూస్తే తెలిసిపోతుంది.

మనిషికి అదొక్కటే బలహీనత. తన జిగురు గురించి మద్రాసులో పెద్దవాళ్ళకు తెలియాలని ఉండేది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, చివరికి చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, అక్కడి పెద్ద సర్జన్ ఒకాయన తాను చదువు చెప్పిన శిష్యుడి ముచ్చట తీర్చడానికి వస్తానన్నాడు. ఆ వారమంతా మా డాక్టరు గారి కాలు నేల మీద నిలవలేదు. వసారా కడిగించారు, కుండలు వరసగా పెట్టించారు, నాకు కొత్త ఏప్రన్ కుట్టించారు. కానీ చూపించడానికి తాజా గాయం లేదు. ఉన్నవన్నీ మానిపోయాయి. "అమ్మాయ్, ఈ ఊళ్ళో ఒక్కడికీ దెబ్బ తగలదేంది!" అని ఆయనంటే నేను నవ్వాను కూడా.

సర్జన్ వచ్చే ముందురోజు పోలయ్య వచ్చాడు. పాలెంలో వల విసరడంలో వాడి తర్వాతే ఎవరైనా. కుడి అరచేతిలో జెల్ల ముల్లు దిగింది. జెల్ల అంటే మీసాల చేప, దాని ముల్లు రంపంలా ఉంటుంది, విరిగితే లోపలే ఉండిపోతుంది.

"ముల్లు మొత్తం వచ్చేసిందా?" అని అడిగారు ఆయన.

"వచ్చేసింది సామీ. నేనే పీకి పారేసినా. బిరీన ఎయ్యి, కానాగంత చేపలు పడతా ఉండాయి, రేపు పడవలు దచ్చినానికి పోతా ఉండాయి."

ఆయన కడిగి, వేలితో అటూ ఇటూ ఒత్తి చూశారు. "నిజం చెప్పు, వచ్చేసిందా?" అని మళ్ళీ అడిగారు. పోలయ్య తలూపాడు. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత పీలిక కోసం నా వైపు చేయి చాచారు. ఆ రోజు పొద్దున ఏం తిన్నావని అడగలేదు. నాకది అప్పుడు వింతగా కూడా తోచలేదు.

మద్రాసు డాక్టరు చూసేదాకా ఉండమని ఆయన వాణ్ణి ఆస్పత్రిలోనే ఆపారు. మర్నాడు జీపు వచ్చింది. పెద్ద సర్జన్ వంకాయల దగ్గర ముక్కు మూసుకున్నా, పోలయ్య అరచేతి దగ్గర మాత్రం ఆగిపోయాడు. తిప్పి తిప్పి చూసి, "చాలా నీటుగా కలిసింది" అని మా డాక్టరు భుజం తట్టాడు. పోలయ్య కూడా తన చేతిని తానే కొత్తగా చూసుకుని నవ్వాడు. జీపు వెళ్ళీ వెళ్ళకముందే వాడు పాలేనికి పరుగు తీశాడు. ఆయన వెనకాలే కాలవ గట్టుదాకా వెళ్ళి, "పోలయ్యా! ఈ పూట ఆగరా! ఒకసారి చూడాల!" అని కేకేశారు. వాడు పడవలోంచి, "వచ్చినాక చూద్దువులే సామీ!" అన్నాడు. ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడిపోయారు.

పడవలు తిరిగి వచ్చేసరికి పోలయ్య చేయి మోచేతిదాకా వాచి నల్లబడింది. పడుకోబెట్టి కాలవ పడవలో నెల్లూరు తీసుకుపోయాం. పెద్దాసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు. ప్రాణం దక్కింది, అంతే.

మేం చూడటానికి వెళ్ళినప్పుడు మంచం చుట్టూ పాలెం వాళ్ళు ఉన్నారు. పోలయ్య ఆయన్ని చూడగానే ఏడ్చాడు. "అబద్దం చెప్పినా సామీ. మొన లోపల ఇరిగింది, నాకు తెలుసు. చెప్తే కోసి కట్టు కడతావు, పడవ తప్పిపోద్దని చెప్పలా. నీ పేరు చెడగొట్టినా." ఆయన నోరు తెరిచారు. వాడి తల మీద చేయి వేసి, తీసేసి, బయటికి వెళ్ళిపోయారు. ఎంత దయ అనుకున్నాం అందరం. నేనైతే కళ్ళు తుడుచుకున్నాను.

తిరిగి రాగానే ఆయన సీసాలన్నీ వెనక దొడ్లో ఒంపేశారు. ఎవరేమడిగినా కుట్లే. పాలెం మళ్ళీ పాత దారి పట్టింది. దెబ్బ తగిలినవాడు ఒడ్డున కూర్చోవాలి, లేదా దాచుకుని చావాలి. ఆ కోపం అంతా పోలయ్య మీదికి మళ్ళింది. వాడు అబద్ధం ఆడబట్టి కదా డాక్టరు మనసు విరిగింది! ముల్లు పోలయ్య అని పేరు పెట్టారు. అసలే ఒంటి చేయి, వల విసరలేడు. కాలి బొటనవేలికి తాడు చుట్టి ఎడం చేత్తో వలలు బాగుచేసేవాడు. ఆ పక్కనుంచి పోయే పిల్లలు కూడా పేరు పెట్టి అరిచి పరిగెత్తేవాళ్ళు. వాడి పెళ్ళాం అంకమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో అమ్మేది. గంప దించిన ప్రతిచోటా ముందు ఆ కథ విని, తర్వాత బేరం ఆడాల్సి వచ్చేది ఆమెకి.

ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా అంకమ్మ మొదట ఆస్పత్రి మెట్ల మీద మంచి చేప ఒకటి ఆకులో పెట్టి పోయేది. "మా ఆయన పంపినాడు" అనడం తప్ప ఇంకో మాట లేదు. అది వాళ్ళ ప్రాయశ్చిత్తం. ఆయన ఆమె కేక వినగానే లోపలి గదిలోకి పోయేవారు. ఆమె వెళ్ళిపోయాక, "అమ్మాయ్, నువ్వు తీసుకుపో" అనేవారు. పులుసు పేరెత్తితే గుటకలు మింగే మనిషి చేప ముట్టడం మానేశారు. నాకు కారణం తెలియదు. ఆ చేపలు నేనే వండుకు తిన్నాను. రుచిగానే ఉండేవి.

మనిషి మారిపోయారు. తిండి సంగతులు అడగడం పోయింది, మౌనంగా కుట్టి పంపేవారు. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలైంది. పాలెంలో ఎవరికైనా జ్వరమొస్తే, పోలయ్య గుడిసె తగలకుండా దిబ్బల వెంట చుట్టు తిరిగి తీసుకుపోయేవారు నన్ను. కాళ్ళు కాలుతున్నాయని నేను గొణిగితే వినిపించుకునేవారు కాదు. ఒకసారి సంతలో పోలయ్య ఎదురుపడ్డాడు. కూరల దుకాణం ముందు కూర్చుని బేరమాడుతున్న ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు, కలెక్టరు వస్తే లేచినట్టు. నలుగురూ చూశారు. పోలయ్య తల ఇంకా కిందికి దించుకుని, మొండి చేయి పైగుడ్డలో దాచుకుని తప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డారో నేను చెప్పలేను.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడాది కానాగంతలు బాగా పడే రోజుల్లో పాలెంలో చాలామందికి దెబ్బలు తగిలి ఒడ్డున కూర్చోవలసి వచ్చింది. పాలెం పెద్ద పోలయ్యని ముందు పెట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. "నువ్వే గదా చెడగొట్టింది, నువ్వే అడుక్కో" అని వాణ్ణి ముందుకు నెట్టాడు. వసారా నిండా రోగులు ఉన్నారు. పోలయ్య అందరి ముందూ ఆయన కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాడు.

"నా అబద్దానికి పాలెమంతా సిచ్చ పడతా ఉండాది సామీ. నన్ను చెప్పుతో కొట్టు. జిగురు మళ్ళా ఎయ్యి."

ఆయన వెనక్కి, వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "లేపండి. వాణ్ణి లేపండి ముందు," అన్నారు. "ఆదివారం పాలేనికి వస్తా. అందర్నీ పిలవండి. అందరూ ఉండాల."

ఆదివారం గుడి నుంచి వచ్చి నేను ఆయనతో బయల్దేరాను. పడవ దిగేముందు, "నువ్వు గూడా సరిగ్గా విను" అన్నారు.

ఒడ్డున లాగిపెట్టిన పడవల నీడలో పాలెం అంతా కూర్చుని ఉంది. నులకమంచం వేయించాడు పాలెం పెద్ద. ఆయన కూర్చోలేదు. ఒక చివర పోలయ్య, వాడి పక్కన గంప ఒళ్ళో పెట్టుకుని అంకమ్మ.

"పోలయ్య ముల్లు వచ్చేసిందని చెప్పినాడు. నిజమే," అన్నారు ఆయన. "కానీ నేను వాడి మాట నమ్మి జిగురు వెయ్యలా. వేలితో ఒత్తి చూసినా. లోపల ముల్లు గట్టిగా తగిలింది. తెలిసే వేసినా."

అంకమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది.

"మర్నాడు మద్రాసు డాక్టరు వస్తున్నాడు. కోసి తీస్తే అది పుండవుతుంది, చూపించేదానికి ఉండదు. ఆయన పోయినాక కోస్తాంలే అనుకున్నా. వీడు పడవెక్కి పొయ్యాడు. చేయి పోయింది వాడి అబద్దానికి కాదు, నా గొప్పకి. ఆసుపత్రిలో వాడు నా ముందు ఏడిస్తే గూడా నోరు మూసుకున్నా. ఇన్నేళ్ళూ మూసుకున్నా. మీరంతా తిట్టాల్సింది నన్ను."

కిటికీ వైపు చూసిన ఆ చూపు, గట్టు మీద ఆ కేక, అడగని ఆ తిండి సంగతి, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. జనం లేస్తారు, అరుస్తారు, మట్టి చల్లుతారు అనుకున్నాను. చల్లినా బాగుండేది.

పాలెం పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు.

"చూసినార్రా? ఇన్నారా? ఒక కూలిముండాకొడుకు పరువు కోసం అంత చదువుకున్నాయన తప్పు తన నెత్తినేసుకుంటా ఉండాడు! ఈయన మడిసి కాదురా!"

"నేను అబద్దం చెప్పడంలా," అన్నారు ఆయన. "నిజంగా తగిలింది."

"అట్నే అంటాడు. మంచోళ్ళు అట్నే అంటారు," అన్నాడు పెద్ద. ఎవరో దండం పెట్టారు. దాంతో అందరూ పెట్టారు. ఆయన ఎంత గట్టిగా చెప్తే అంత గట్టిగా మెచ్చుకున్నారు. అన్నిటికంటే ఘోరం, పోలయ్యే లేచి వచ్చి, "అంత మాట అనొద్దు సామీ. నాకోసరం నువ్వు మచ్చ పెట్టుకోవద్దు. తప్పు నాదే," అన్నాడు. పాలెం పెద్ద ఒక కొత్త కండువా తెప్పించి ఆయన భుజాల మీద కప్పాడు. ఆయన దాన్ని తీయబోతే మళ్ళీ సర్దాడు.

అప్పుడు అంకమ్మ గంప కింద పెట్టి లేచింది. నేరుగా ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"ఏ వేలికి తగిలింది?"

ఆయన కుడిచేతి చూపుడువేలు చాపారు. మొప్పలెత్తి చేప తాజాదో కాదో చూసే మనిషి కదా, ఆమె అదే చూపుతో ఆ వేలిని చూసింది. ముట్టుకోలేదు. తర్వాత జనం వైపు తిరిగింది.

"ఈయన అబద్దమాడే మడిసి కాదని మీరే గదా అంటా ఉండారు? మరి ఈ మాట ఎందుకు నమ్మరు?"

పాలెం పెద్ద గొంతు సవరించుకుని, "ఆడదానివి, నీకు తెలవదులే, కూకో," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. అంకమ్మ కూర్చోలేదు. మొగుడి ఎడం చేయి పట్టుకుని, "పా. ఇంటికి పోదాం," అని లాక్కుపోయింది. పోలయ్య వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయాడు.

ఆయన జిగురు మళ్ళీ వేస్తానన్నారు, లోపల చీల్చి చూడందే వేయనని, ఎంతటి చేపలు పడుతున్నా ఒకపూట ఆగాల్సిందేనని చెప్పారు. వాళ్ళు అన్నిటికీ తలలూపారు. మేం కాలవ ఒడ్డుకి వచ్చి పడవ ఎక్కాం. దిబ్బ అవతల పిల్లలు "ముల్లు పోలయ్యా!" అని అరవడం నీళ్ళ మీదికి స్పష్టంగా వినిపించింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ కండువా ఇంకా భుజాల మీదే ఉంది.

సగం కాలవ దాటాక అడిగారు.

"నువ్వయినా నమ్మినావా అమ్మాయ్?"

కాదనాలని ప్రాణం కొట్టుకుంది. అంతకు ముందు ఎవరి మీదా నాకు అంత గౌరవం లేదు, తర్వాతా లేదు. అయినా ఆయన మొహం చూశాక కాదనడానికి నోరు రాలేదు.

"నమ్మినానండీ," అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టారు. కూతురి వయసుదాన్ని, ఆయన చేతికింద పని చేసేదాన్ని. పడవవాడు గెడ ఆపి మా ఇద్దర్నీ చూస్తున్నాడు. నేను తల వంచుకుని, ఒడ్డు వచ్చేదాకా నీళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను.